నెమ్మదిగా పరిగెడితే ఏం ఒరుగుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. "కోచ్ నెమ్మదిగా పరిగెత్తమంటున్నాడు, నాకేమో ఒళ్ళు మండిపోతోంది." అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి తోసేసి, మధ్యలో ఆపకుండా చేసే ఏరోబిక్ పరుగు, అంటే ఆక్సిజన్ సరిపడా అందే తేలిక వేగంలో చేసే పరుగు మీదే కూర్చున్నాను. కొన్ని ఉత్తరాలు మరీ పొడుగ్గా ఉంటే కత్తిరించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: సార్, నా వయసు 29. రెండేళ్ళుగా వారానికి అయిదు రోజులు, రోజుకి 8 కిలోమీటర్లు 46 నిమిషాల్లో లాగించేస్తున్నాను. కానీ టెన్‌కే, అంటే 10 కిలోమీటర్ల రేసు, టైమ్ మాత్రం ఏడాదిగా 55 నిమిషాల దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. కొత్తగా చేరిన గ్రూపులో కోచ్ "కిలోమీటరుకి ఏడు నిమిషాలు, గంట సేపు, మధ్యలో ఆగొద్దు" అంటున్నారు. ఆ స్పీడులో నాకు సరిగా చెమట కూడా పట్టదు. దానివల్ల ఏం ఒరుగుతుందో కాస్త వివరంగా చెప్పండి, లేకపోతే నా వల్ల కాదు.

జవాబు: ముందు మీ అంకెలే మీకు చూపిస్తాను. 8 కిలోమీటర్లు 46 నిమిషాల్లో అంటే కిలోమీటరుకి 5 నిమిషాల 45 సెకన్లు. రేసులో 55 నిమిషాలంటే కిలోమీటరుకి 5 నిమిషాల 30 సెకన్లు. రేసు రోజుకీ, మామూలు మంగళవారం పొద్దుటికీ తేడా 15 సెకన్లు! వారానికి అయిదు సార్లు మీరు దాదాపు రేసే పరిగెడుతున్నారన్నమాట, పైగా మెడలో పతకం వేసేవాడు కూడా ఉండడు. ఆ వేగం గట్టి వర్కవుట్ అనిపించుకునేంత గట్టిదీ కాదు, ఒళ్ళు కోలుకునేంత తేలికదీ కాదు, అలసట మాత్రం రోజూ మిగులుతుంది, దాని మీదే మర్నాడు మళ్ళీ అదే పరుగు. నేనూ కొన్నాళ్ళు ఇదే పని చేసి కాలు విరగ్గొట్టుకున్నాను కాబట్టి వెటకారం చేస్తున్నానని అనుకోకండి, ఆ కథ కింద ఇంకో ఉత్తరం దగ్గర వస్తుంది.

ఇక ఆ "చెమట పట్టని" పరుగు లోపల ఏం చేస్తుందో చూద్దాం. గుండెతో మొదలుపెడతాను. పెద్దగా వ్యాయామం లేని మనిషి ఊరికే కూర్చున్నప్పుడు గుండె ఒక్కో దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం నెడుతుంది, నిమిషానికి 70 దెబ్బలంటే దగ్గర దగ్గర 5 లీటర్లు. పరుగు మొదలెట్టగానే పిక్కలూ తొడలూ సిరల్లోని రక్తాన్ని పైకి పిండుతాయి, గుండెలోకి మామూలు కంటే ఎక్కువ రక్తం వచ్చి పడుతుంది, రక్తాన్ని ఒళ్ళంతటికీ నెట్టే గుండె గది, ఎడమ జఠరిక, బాగా నిండి సాగుతుంది, సాగింది గనక ఇంకా బలంగా నెడుతుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. మనలాంటి మామూలువాళ్ళలో ఒక్కో దెబ్బకి నెట్టే ఈ రక్తం, మన గరిష్ఠ శక్తిలో 40, 50 శాతం పెడితేనే దాదాపు దాని పైహద్దుకి చేరిపోతుంది. ఆ తర్వాత ఎంత వేగం పెంచినా పెరిగేది ఎక్కువగా దెబ్బల సంఖ్యే. అంటే గుండె గదిని సాగదీసే పని, పక్కవాడితో కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళే వేగంలోనే చాలావరకు అయిపోతోంది. ఆ వేగంలో మీరు గంటా గంటన్నర ఉండగలరు, రేసు వేగంలో రోజూ అంతసేపు ఉండలేరు. నిమిషానికి 135 చొప్పున గంట సేపు లెక్కేసుకోండి, ఎనిమిది వేల సార్లు ఆ గది నిండి ఖాళీ అవుతుంది. ఇది నెలలూ ఏళ్ళూ సాగితే ఎడమ జఠరిక నిజంగానే పెద్దదవుతుంది, గోడలు దానికి తగ్గట్టు గట్టిపడతాయి. అప్పుడు కూర్చున్నప్పటి 5 లీటర్లనీ 50 దెబ్బల్లోనే పంపేస్తుంది, దెబ్బకి 100 మిల్లీలీటర్లు.

దీన్ని మీరే చూసుకోవచ్చు, మిషన్లేమీ అక్కర్లేదు. పొద్దున మెలకువ వచ్చాక, ఫోన్ అందుకోకముందు, వెల్లకిలా పడుకునే ఉండి, మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకండి, రెండు దెబ్బలు పోతే నాలుగు తేడా వస్తుంది. ఆ అంకెని గోడ క్యాలెండర్ మీద రాయండి. మొదటి రెండు వారాలు ఏమీ కదలదు, విసుగొస్తుంది. తర్వాత ఎప్పుడో 68 ఉండేది 64 అవుతుంది, ఒకరోజు నిద్ర సరిగా లేక మళ్ళీ 69కి వెళ్తుంది, మీరు కంగారు పడతారు, మరుసటి వారం 62 కనబడుతుంది.

గుండె ఎంత పంపినా కండరం తీసుకోలేకపోతే లాభం లేదు కదా, రెండో సగం కథ కాళ్ళలో నడుస్తుంది. కండర పోగుల చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రక్తకేశనాళికలు అల్లుకుని ఉంటాయి, ఏరోబిక్ శిక్షణతో అవి కొత్తగా పుట్టుకొస్తాయి. ఒక్కో పోగుకి ఎక్కువ నాళాలు దొరుకుతాయి, రక్తం కాస్త నిదానంగా ప్రవహిస్తుంది, ఆక్సిజన్ దిగడానికి వ్యవధి చిక్కుతుంది. పోగు లోపల మైటోకాండ్రియా ఉంటాయి, ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించేవి అవే. 1967లో జాన్ హోలోజీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకలతో ట్రెడ్‌మిల్ మీద వారానికి అయిదు రోజులు, మెల్లగా పెంచుకుంటూ చివరికి రోజుకి రెండు గంటల దాకా, 12 వారాలు పరుగు తీయించాడు. వాటి కాలి కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైముల పని దాదాపు రెట్టింపయింది. కండరం ఊరికే అలవాటు పడటం కాకుండా దాని లోపలి యంత్రాంగమే పెరుగుతుందని అప్పుడు గట్టిగా తేలింది, తర్వాత మనుషుల్లోనూ అదే కనబడింది.

మూడోది ఇంధనం. కండరాల్లో, కాలేయంలో కలిపి గ్లైకోజన్ రూపంలో మన దగ్గర సుమారు 400 నుంచి 500 గ్రాముల పిండిపదార్థం నిల్వ ఉంటుంది, గ్రాముకి 4 క్యాలరీలు, అంటే 1,600 నుంచి 2,000. పరుగు ఖర్చు మోటు లెక్కన కిలో బరువుకి కిలోమీటరుకి ఒక క్యాలరీ. 60 కిలోల మనిషి ఫుల్ మారథాన్, అంటే 42.195 కిలోమీటర్లు, పూర్తి చేయాలంటే 2,500 దాటుతుంది. నిల్వ చాలదు. 30 కిలోమీటర్లు దాటాక చాలామందికి కాళ్ళు సీసం పోసినట్టయిపోయేది అందుకే. కొవ్వు మాత్రం ఎంత సన్నటి మనిషి దగ్గరైనా ఎన్నో మారథాన్లకి సరిపోయేంత ఉంటుంది, కాకపోతే దాన్ని మండించాలంటే ఆక్సిజన్ ఎక్కువ కావాలి, మైటోకాండ్రియా ఎక్కువ కావాలి. నెమ్మది పరుగుతో అవి పెరిగినకొద్దీ అదే వేగంలో కొవ్వు వాటా పెరుగుతుంది, గ్లైకోజన్ మిగులుతుంది. మీది టెన్‌కే కాబట్టి నిల్వ అయిపోయే బెడద లేదు, కానీ గట్టి పరుగులో కండరాల్లో తయారయ్యే లాక్టేట్ విషయంలో మీకూ ఇదే సాయం చేస్తుంది. అదే 5:30 వేగంలో తక్కువ పోగవుతుంది, పోగైనది పక్క పోగుల్లోనే ఇంధనంగా ఖర్చయిపోతుంది.

కాబట్టి మూడు నెలలు కోచ్ మాట వినండి. వారంలో నాలుగు రోజులు కిలోమీటరుకి 6:45 నుంచి 7:15 నిమిషాల మధ్యలో, ఒకరోజు అందులో గంటన్నరకి పొడిగించి. అయిదో రోజు మాత్రం వేగం మీ ఇష్టం, వార్మప్ చేసి నిజంగా గట్టిగా కొట్టండి. అప్పుడు మీకు తెలుస్తుంది, ఇన్నాళ్ళూ మీరు గట్టిగా పరిగెత్తిన రోజంటూ ఒక్కటీ లేదని.

ప్రశ్న: నమస్తే సార్. నాకు 43 ఏళ్ళు, మొదలుపెట్టి ఆరు వారాలు. నెమ్మదిగా అంటే సరే, కానీ నా నెమ్మది ఎంత నెమ్మదంటే వాకింగ్ చేసేవాళ్ళు నన్ను దాటి వెళ్ళిపోతున్నారు. సిగ్గుగా ఉంటోంది. పైగా ఎత్తు వచ్చిన చోట పరిగెడితే ఆయాసం, నడిస్తే "ఆగకుండా" అన్న నియమం తప్పినట్టు. ఏం చేయమంటారు?

జవాబు: నడవండి అమ్మా. "ఆగకుండా" అన్నది కాళ్ళ గురించి కంటే గుండె గురించి చెప్పిన మాట. ఎత్తు మీద చురుగ్గా నడుస్తున్నప్పుడు మీ గుండె దెబ్బలు సమతలం మీద పరిగెత్తినప్పటి కంటే పెద్దగా తగ్గవు, ఒక్కోసారి తగ్గనే తగ్గవు. పని సాగుతూనే ఉంటుంది. నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని ఫోన్ చూసుకుంటే అది ఆగడం. ఆరు వారాల వాళ్ళు నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున 40 నిమిషాలు చేసినా అది నిరంతర ఏరోబిక్ శిక్షణ కిందికే వస్తుంది, నేనైతే అలాగే లెక్కేస్తాను.

వేగం సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే పక్కన మనిషి ఉన్నట్టే పైకి మాట్లాడి చూడండి. ఇంటి అడ్రసు మొత్తం, డోర్ నంబరు నుంచి పిన్‌కోడ్ దాకా, ఒక్క ఊపిరిలో కాకపోయినా తడబడకుండా చెప్పగలిగితే బాగున్నట్టు. వీధి పేరు దగ్గరే గాలి మింగాల్సి వస్తే స్పీడ్ ఎక్కువైంది, తగ్గించండి. పాట పాడగలుగుతున్నారంటే కాస్త పెంచొచ్చు.

సిగ్గు సంగతి నా చేతిలో లేదు గానీ, "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అన్న సామెత పుట్టిన భాష మనది, మీరు పరిగెత్తడమే పెద్ద తిరుగుబాటు. ఆ దాటిపోయే వాకర్లని దాటిపోనివ్వండి.

ప్రశ్న: అన్నా, నేను 800 మీటర్లు పరిగెడతాను, వయసు 19, బెస్ట్ 2 నిమిషాల 4 సెకన్లు. మా సార్ ఆదివారం ఆదివారం 15 కిలోమీటర్లు పరిగెత్తమంటున్నారు. రెండు రౌండ్ల రేసుకి 15 కిలోమీటర్లు ఎందుకన్నా? స్పీడ్ పోతుందేమోనని టెన్షన్.

జవాబు: తమ్ముడూ, నీ రెండు నిమిషాల పరుగులో సగానికి పైగా శక్తి, ఇంచుమించు 60 శాతం పైన, ఆక్సిజన్ మీద నడిచే ఇంజన్ నుంచే వస్తుంది. 1500 మీటర్లలో అది 80 శాతం దగ్గర ఉంటుంది. 800 అంటే పొడుగాటి స్ప్రింట్ అనుకునేవాళ్ళకి ఈ మాట మింగుడుపడదు.

దీనికి మంచి సాక్షి ఉన్నాడు. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అని ఒకాయన, చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నాడు, వారానికి తక్కువ దూరం, మరీ ఎక్కువ దూరం అన్నీ పరిగెత్తి చూసి, చివరికి వారానికి 160 కిలోమీటర్ల దగ్గర ఆగాడు. చుట్టుపక్కల కుర్రాళ్ళని పోగేసి అదే చేయించాడు. వాళ్ళలో 800 మీటర్ల కుర్రాడు పీటర్ స్నెల్ కూడా మారథాన్ వాళ్ళతో కలిసి ఆక్లాండ్ పడమటి కొండల్లో 35 కిలోమీటర్ల చుట్టు తిరగాల్సిందే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్‌కి 800లో స్వర్ణం, అదే రోజు అదే గురువు శిష్యుడు ముర్రే హాల్బర్గ్‌కి 5000లో స్వర్ణం, తర్వాత మారథాన్‌లో బారీ మాగీకి కాంస్యం. 1962లో స్నెల్ గడ్డి ట్రాక్ మీద 800ని 1 నిమిషం 44.3 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు, 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచాడు. నాకు ఇంకా నచ్చే సంగతేంటంటే, రిటైరయ్యాక ఆయన చదువుకుని వ్యాయామ శరీరశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు. తనతో చేయించినదాని వెనక ఏముందో తనే వెతుక్కున్నాడు.

పొడుగు పరుగులో ఇంకో లాభం ఉంది, అది నీలాంటి వేగం ఉన్నవాళ్ళకే. మొదటి గంట పని ఎక్కువగా కండరాల్లోని నెమ్మది పోగులే, అంటే నిదానంగా ఎక్కువసేపు పనిచేసేవే, చేస్తాయి. వాటిలో గ్లైకోజన్ తగ్గి అవి అలసిపోతుంటే, నువ్వు వేగం పెంచకపోయినా మెదడు వేగపు పోగుల్ని కూడా పనిలోకి పిలుస్తుంది. మామూలుగా ఏరోబిక్ పని తప్పించుకు తిరిగే పోగులు అవి, చివరి అరగంటలో దొరికిపోతాయి. 15 కిలోమీటర్లని మూడు అయిదులుగా ముక్కలు చేసి పొద్దున మధ్యాహ్నం సాయంత్రం పరిగెడితే ఇది జరగదు.

అయితే ఒకటి. లిడియార్డ్ పరుగు కాళ్ళీడ్చే పరుగు కాదు, ఆయన వాళ్ళు ఆయాసపడకుండానే చురుగ్గా, స్థిరంగా పరిగెత్తేవాళ్ళు. ఆ నెలల తర్వాత కొండల మీద గెంతులు, ఆ తర్వాత ట్రాక్ మీద వేగం వరసగా వచ్చేవి. కాబట్టి నీ స్పీడ్ పోకుండా వారానికి రెండు రోజులు పరుగు చివర 100 మీటర్లు నాలుగైదు సార్లు వదులుగా, వేగంగా వెళ్ళు. మీ సార్ చెప్పింది చెయ్యి.

ప్రశ్న: వయసు 38. "180లోంచి వయసు తీసేసి, గుండె దెబ్బలు ఆ అంకె దాటకుండా పరిగెత్తాలి" అని ఒకరు, "220లోంచి తీసేసి 70 శాతం" అని ఒకరు చెప్పారు. మొదటిది 142, రెండోది 127 వస్తోంది. నా వాచ్ మాత్రం ఎంత మెల్లగా వెళ్ళినా 158 అంటుంది. ఎవరిని నమ్మాలి?

జవాబు: ముగ్గురినీ అనుమానించండి. 180 సూత్రం ఫిల్ మాఫెటోన్ అనే అమెరికన్ కోచ్‌ది, కొత్తవాళ్ళని అదుపులో పెట్టడానికి పనికొస్తుంది గానీ అందరి గుండే ఒకే లెక్కలో నడవదు. 220 సూత్రం ఇచ్చేది సగటు గరిష్ఠ హార్ట్ రేట్. మీకు 182 అని చెబుతుంది, నిజంగా మీది 170 అయినా 195 అయినా మీరు పూర్తి ఆరోగ్యవంతులే అయి ఉండొచ్చు. 195 ఉన్న మనిషికి 70 శాతం అంటే 137, 182 అనుకుంటే 127. ఇలాంటి పది దెబ్బల తేడా మీద జనం గంటలు గంటలు వాదించుకుంటారు.

ఇక వాచ్. మణికట్టు వాచ్ లైటు వేసి రక్తం కదలికని చూసి లెక్కపెడుతుంది, పట్టీ వదులుగా ఉంటే మీ అడుగుల లయనే గుండె దెబ్బలనుకుని చూపిస్తుంది. నిమిషానికి 155, 160 అడుగులు చాలామందికి మామూలే, మీ 158 నాకు అందుకే అనుమానంగా ఉంది. ఒకసారి ఆగి, వెంటనే మెడ దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 34, 35 దెబ్బలే వస్తే వాచ్ అబద్ధం చెప్పినట్టు. నిజంగానే 39, 40 వస్తే, పైన అడ్రసు చెప్పే పరీక్ష పెట్టుకోండి, మాట తడబడకపోతే మీ గుండె తీరే అంత. తడబడితే నడక కలపండి.

ప్రశ్న: సార్, నా వయసు 33. పరుగు మొదలెట్టే ముందు హిమోగ్లోబిన్ 13.1 ఉండేది, మూడు నెలలయ్యాక 12.3 వచ్చింది. పరిగెడితే రక్తం పెరుగుతుందన్నారు, నాకేమో తగ్గింది. మానేయమని ఇంట్లో గొడవ.

జవాబు: పెరిగింది నిజమే, పలచబడిందీ నిజమే. శిక్షణ మొదలైన కొద్ది రోజుల్లోనే శరీరం చేసే మొదటి పని ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, పెంచడం. గుండెని ఎక్కువ నింపడానికీ, చెమటకి సరిపడా నీరు ఉంచుకోవడానికీ ఇది కావాలి. ఎర్ర కణాలు కూడా పెరుగుతాయి గానీ వాటికి వారాలు, నెలలు పడుతుంది. ఈలోగా టెస్టు చేయిస్తే అన్నే కణాలు ఎక్కువ నీళ్ళలో తేలుతున్నాయి కాబట్టి అంకె తక్కువ కనబడుతుంది. ఆడవాళ్ళకి 12 కింద ఉంటేనే రక్తహీనత అంటారు, మీరు ఇంకా పైనే ఉన్నారు.

అలాగని కొట్టిపారేయకండి. పరిగెత్తేవాళ్ళకి, ముఖ్యంగా నెలసరి ఉన్న ఆడవాళ్ళకి, ఐరన్ నిల్వలు నిజంగానే తరిగిపోతుంటాయి. పాదం నేలకి తగిలినప్పుడల్లా కొన్ని ఎర్ర కణాలు చితుకుతాయి, చెమటలో కొంచెం పోతుంది, గట్టి పరుగు తర్వాత కొన్ని గంటల పాటు పేగు ఐరన్‌ని సరిగా తీసుకోదు. అందుకని డాక్టర్‌ని అడిగి ఫెరిటిన్ టెస్టు చేయించండి, ఖజానాలో ఎంత ఉందో అది చెబుతుంది. ఊరికే ఐరన్ మాత్రలు కొనుక్కుని మింగొద్దు, ఎక్కువైనా ప్రమాదమే. మెట్లెక్కితే ఆయాసం, మామూలు వేగం కూడా బరువనిపించడం లాంటివి ఉంటే టెస్టుకి ఆలస్యం చేయకండి. ఇవేవీ లేకపోతే ఇంట్లోవాళ్ళకి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: ఇరవై నిమిషాల ఇంటర్వల్స్‌తో అయిపోయేదానికి గంటన్నర ఎందుకు తగలేయాలి? సైన్స్ కూడా ఇంటర్వల్సే మేలంటోంది కదా. కొంచెం సూటిగా చెప్పండి.

జవాబు: సూటిగానే. వారానికి మొత్తం గంట మాత్రమే ఖాళీ ఉంటే ఇంటర్వల్స్, అంటే కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి పరిగెత్తడం, చేయండి, ఆ గంటకి అంతకంటే మంచి ఉపయోగం లేదు. ఇంటర్వల్స్‌తో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం త్వరగా పెరుగుతుంది, మైటోకాండ్రియా కూడా పెరుగుతాయి, ఇందులో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, వాటిని రోజూ చేయలేరు. వారానికి రెండు, మహా అయితే మూడు, తర్వాత కాళ్ళూ నిద్రా మూడ్ అన్నీ దెబ్బతింటాయి. నెమ్మది పరుగు మర్నాడు మళ్ళీ చేయొచ్చు, ఆ మర్నాడు కూడా. దూరపు పరుగువాళ్ళకి గంటల మొత్తమే పెట్టుబడి, ఆ గంటలు పోగయ్యే దారి ఇదొక్కటే. స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు రోయింగ్, స్కీయింగ్, పరుగు ఇలా రకరకాల ఆటల మేటి క్రీడాకారుల డైరీలు చూస్తే, పది సెషన్లలో ఎనిమిది దాకా తేలికవే ఉన్నాయి, మిగిలిన రెండూ నిజంగా గట్టివి. వాళ్ళకి ఇంటర్వల్స్ సంగతి తెలియక కాదు. మీరు మారథాన్ గురించి అడుగుతున్నారో, ఆరోగ్యం గురించి అడుగుతున్నారో రాయలేదు, మారథాన్ అయితే మాత్రం మూడు గంటలు నేలని తన్నుకునే కాళ్ళు ఇరవై నిమిషాల్లో తయారు కావు.

ప్రశ్న: ఊపిరి బాగా అందుతోంది, గుండె కూడా హాయిగా ఉంది, రెండు నెలల్లో వారానికి 15 నుంచి 45 కిలోమీటర్లకి వెళ్ళాను. కానీ పది రోజులుగా మోకాలి కింద, కాలి ముందు ఎముక దగ్గర నొప్పి. పరిగెత్తగా పరిగెత్తగా తగ్గిపోతుందిలే అంటున్నారు గ్రూపులో.

జవాబు: ఇదిగో, నా కథ చెప్పే చోటు వచ్చింది. నాకు అప్పుడు 24. మాకు నేర్పే పెద్దమనిషి స్టాప్‌వాచ్ పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు, నిన్నటి కంటే ఒక్క సెకనైనా తగ్గాలి, తగ్గకపోతే అందరి ముందూ మాట. నాకు కుడికాలి ఎముక మీద, లోపలి అంచున, నొప్పి మొదలైంది. మొదట్లో రెండు కిలోమీటర్లయ్యాక పోయేది. తర్వాత పోవడం మానేసింది. తర్వాత మెట్లు దిగుతుంటే. చివరికి రాత్రి పడుకున్నాక కూడా అక్కడే కొట్టుకుంటున్నట్టుండేది, బొటనవేలితో నొక్కితే రూపాయి బిళ్ళంత చోటులో ప్రాణం లేచిపోయేది. ఎముకలో సన్నటి పగులు. పది వారాలు పరుగు లేదు. ఆ పెద్దమనిషి ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

నాకు జరిగిందీ మీకు జరుగుతున్నదీ వేరు దారుల్లో ఒకే చోటికి వచ్చాయి. నాది రోజూ వేగం, మీది హఠాత్తుగా మూడింతలు దూరం. నెమ్మది పరుగులో ఉన్న మోసం ఇదే. ప్లాస్మా రోజుల్లో పెరుగుతుంది, మైటోకాండ్రియా వారాల్లో, గుండె నెలల్లో. ఎముకా, కండరాన్ని ఎముకకి కట్టే టెండన్లూ అన్నింటికంటే వెనక నడుస్తాయి. ఎముక బలపడే ముందు పాత భాగాన్ని తవ్వి తీసేస్తుంది, కొత్తది పోసి గట్టిపడటానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, మధ్యలో కొన్నాళ్ళు మునుపటి కంటే బలహీనంగానే ఉంటుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మీకు ఊపిరి బాగా అంది "ఇంకో అయిదు కిలోమీటర్లు వెళ్దాం" అనిపిస్తుంది.

నొప్పి ఎముక పొడుగునా పరుచుకుని, వేడెక్కాక తగ్గితే సగం దూరం చేసి రెండు వారాలు చూడొచ్చు. ఒకే చుక్క దగ్గర ఉంటే, ఆ ఒంటికాలి మీద నాలుగు గెంతులు వేస్తే పొడిచినట్టుంటే, పరుగు ఈరోజే ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో పగులు కనబడకపోవచ్చు, కనబడలేదని మళ్ళీ పరుగుకి దిగకండి, ఎమ్మారై అవసరమేమో ఆయన్నే అడగండి. ఈలోగా నొప్పి లేకపోతే సైకిలో, ఈతో చేస్తూ ఉండండి, గుండెకి మీరు కాళ్ళతో తొక్కుతున్నారా నేలని తంతున్నారా అన్న పట్టింపు లేదు.

ప్రశ్న: జ్వరం వల్ల 15 రోజులు పరుగు లేదు. ఏడాది కష్టం అంతా పోయినట్టేనా?

జవాబు: పోలేదు. ముందు పోయేది ప్లాస్మా, అందుకే మొదటి రెండు మూడు పరుగుల్లో గుండె దడదడలాడుతుంది, అది వచ్చినంత త్వరగానే తిరిగొస్తుంది. 1984లో ఎడ్వర్డ్ కోయల్ అనే శాస్త్రవేత్త బృందం బాగా శిక్షణ ఉన్నవాళ్ళతో 84 రోజులు పూర్తిగా మాన్పించి చూసింది. మొదటి మూడు వారాల్లో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 7 శాతం పడింది, 84 రోజులకి మొత్తం 16 శాతం. కండరాల్లో రక్తకేశనాళికలు మాత్రం చెక్కుచెదరలేదు. జ్వరం పూర్తిగా పోయాక, నీరసం తగ్గాక, సగం దూరంతో మొదలెట్టండి. జ్వరంలో మాత్రం అడుగు బయట పెట్టొద్దు.

ప్రశ్న: ఎండ ఎక్కువైన రోజుల్లో అదే వేగంలో చివరి అరగంట హార్ట్ రేట్ 15 పెరిగిపోతోంది. ఫిట్‌నెస్ తగ్గుతోందా?

జవాబు: లేదు, వేడి. చల్లబరచడానికి రక్తం చర్మానికి మళ్ళుతుంది, చెమటకి నీరు పోతుంది, గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గి ఒక్కో దెబ్బకి నెట్టేది తగ్గుతుంది, ఆ లోటు దెబ్బల సంఖ్యతో పూడ్చుకుంటుంది. ఆ రోజు వేగం వదిలేసి దెబ్బల్ని పట్టుకుని వెళ్ళండి, పేస్ ఎంత పడినా సరే. దాహానికి సరిపడా తాగండి, భయంతో లీటర్లకి లీటర్లు తాగేయకండి, రక్తంలో సోడియం పలచబడి అదో ప్రమాదం.

ప్రశ్న: ముక్కుతోనే గాలి పీల్చాలా?

జవాబు: అక్కర్లేదు. నోరు కూడా మీదే.

ప్రశ్న: నాకు 61. రిటైరయ్యాను, ఎప్పుడూ పరిగెత్తలేదు. ఇవన్నీ నా వయసులో కూడా జరుగుతాయా, కుర్రాళ్ళకేనా?

జవాబు: జరుగుతాయండీ. వయసుతో గరిష్ఠ హార్ట్ రేట్ తగ్గుతుంది, దాన్ని ఏ శిక్షణా పెంచలేదు. కానీ కేశనాళికలు, మైటోకాండ్రియా అరవై దాటాక కూడా పెరుగుతాయి, నెమ్మదిగానైనా. ముందు డాక్టర్‌కి చూపించుకోండి, బీపీ, షుగర్, గుండె, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఆ మాట కూడా దాచకుండా చెప్పండి. ఆయన సరేనంటే మొదటి నెల పరుగు ఊసే వద్దు, రోజు విడిచి రోజు 30 నిమిషాల చురుకైన నడక. రెండో నెల అందులోనే ప్రతి అయిదు నిమిషాలకీ ఒక్క నిమిషం, నడక కంటే కాస్త వేగంగా, అడుగు పైకి లేచీ లేవనట్టు పరుగు. ఛాతీలో బిగుతు, ఎడమ చేతిలోకి నొప్పి, కళ్ళు తిరగడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. బూట్లు కొత్తవి కొనుక్కోండి, అల్మరాలో పదేళ్ళుగా ఉన్నవాటి అడుగు గట్టిపడిపోయి ఉంటుంది. మొదటిరోజు పొద్దుటి నాడి మాత్రం రాసిపెట్టుకోండి, ఆ అంకె మళ్ళీ కొనుక్కుందామన్నా దొరకదు.